తప్పు జవాబు దగ్గర ఆగండి

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? సరే. ఇంగ్లిష్ పరీక్షలకి గ్రామరు, వొకాబులరీ, రీడింగ్ కాంప్రహెన్షన్ ఎలా సాధన చేయాలో చెప్పమన్నారు. ఇన్ని రోజుల్లో ఇన్ని మార్కులు అనే లెక్కలేవీ నేను చెప్పను. చాలా ఏళ్లుగా పాఠాలు చెబుతూ, జవాబు పత్రాలు దిద్దుతూ వస్తున్నాను కదా, ఆ దిద్దుబాటులో నాకు గట్టిగా నమ్మకం కుదిరిన సంగతి ఒకటుంది, దాని చుట్టూనే మాట్లాడతాను.

ఒకసారి ఒకమ్మాయి నా దగ్గరికి సంచి నిండా ప్రాక్టీసు పేపర్లతో వచ్చింది. అన్నీ చేసింది, అన్నిటికీ కీ చూసి టిక్కులు, ఇంటూలు పెట్టుకుంది, ప్రతి పేపరు పైనా మార్కులు వేసుకుంది. మొదటి పేపరులో ఎన్ని వచ్చాయో చివరి పేపరులోనూ దాదాపు అన్నే వచ్చాయి. "ఇంకా ఎన్ని పేపర్లు చేయాలి సార్" అని అడిగింది. నేను అందులోంచి ఒక పేపరు తీసి, ఇంటూ పెట్టిన ప్రశ్న ఒకటి చూపించి, ఇది ఎందుకు తప్పయిందమ్మా అన్నాను. "కీలో బి అని ఉంది సార్, నేను సి పెట్టాను" అంది. అది సరే, సి ఎందుకు పెట్టావు, అప్పుడు నీకు ఏమనిపించింది అంటే తన దగ్గర జవాబు లేదు. ఆ పిల్ల కష్టపడలేదని ఎవరూ అనలేరు, నెలల తరబడి కూర్చుంది. కానీ తప్పు చేసిన ప్రతిసారీ దాని పక్కనుంచి నడిచి వెళ్లిపోయింది. అదే తప్పు మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది, పేపరు మాత్రం మారుతోంది.

పేపరు రాయడం మనకి ఏం వచ్చో ఏం రాదో కొలుచుకోవడం మాత్రమే. జ్వరం చూసుకున్నంత మాత్రాన జ్వరం తగ్గదు కదా. నేర్చుకోవడం అనేది పేపరు అయిపోయాక, కీ చూశాక, ఆ తప్పు జవాబు ముందు కూర్చున్నప్పుడు మొదలవుతుంది. అందుకే నా దగ్గరికి వచ్చినవాళ్లందరి చేతా ఒక తప్పుల నోటుబుక్కు పెట్టిస్తాను. అందులో నేను ఏం రాశాను, సరైనది ఏమిటి అన్న రెండూ ఎవరైనా రాస్తారు. ఆ రెండింటి మధ్యలో ఇంకొకటి రాయాలి, ఆ క్షణంలో నా జవాబు నాకు ఎందుకు సరైనదనిపించింది అని. "తొందరపడ్డాను" అని రాస్తే ఒప్పుకోను. తొందరలో కూడా మనం నాలుగింట్లో ఒకదాన్నే ఎంచుకున్నాం, దానికి ఏదో కారణం ఉంటుంది, అది దొరికేదాకా వెతకాలి. ఒక్కో తప్పుకి ఐదు నిమిషాలు పట్టినా పట్టనివ్వండి.

ఆ వెతకడంలో ఏం దొరుకుతుందో చెప్తాను. గ్రామరుతో మొదలుపెడదాం, ఎందుకంటే మన తెలుగువాళ్ల తప్పుల్లో చాలా భాగం తెలుగులోంచే పుడతాయి. ఇది తెలివితక్కువతనం కానే కాదు. మన బుర్రలో అప్పటికే ఒక చక్కటి వ్యాకరణం పనిచేస్తోంది, అది ఇంగ్లిష్ వాక్యం మీద కూడా చెయ్యి వేస్తుంది, అంతే. ఏ చోట చెయ్యి వేస్తోందో తెలిస్తే ఆ చోట జాగ్రత్తగా ఉండొచ్చు.

"నుంచి" అనే మాట తీసుకోండి. "2015 నుంచి ఇక్కడ ఉంటున్నాను" అంటాం, "పదేళ్ల నుంచి ఇక్కడ ఉంటున్నాను" అని కూడా అంటాం. రెండు చోట్లా నుంచే. ఇంగ్లిష్ దీన్ని రెండుగా విడదీస్తుంది. మొదలైన చోటు చెబితే సిన్స్, గడిచిన నిడివి చెబితే ఫర్. సిన్స్ 2015, ఫర్ టెన్ ఇయర్స్. మనకి ఉన్నది ఒక్క మాటే కాబట్టి "సిన్స్ టెన్ ఇయర్స్" అని నోటికి వచ్చేస్తుంది. ఇంకో సంగతి కూడా అదే వాక్యంలో ఉంది చూడండి. "ఉంటున్నాను" అని మనం వర్తమానంలో చెప్తాం, అందుకే "ఐ యామ్ లివింగ్" అని మొదలుపెడతాం, ఇంగ్లిష్‌కి మాత్రం అక్కడ "ఐ హావ్ బీన్ లివింగ్" కావాలి. అప్పుడు మొదలై ఇప్పటిదాకా సాగుతూ వచ్చింది అని ఆ హావ్ బీన్ చెబుతుంది. ఒకే వాక్యంలో రెండు తప్పులు, రెండింటి మూలమూ తెలుగులోనే ఉంది. ఇది నోటుబుక్కులో ఒకసారి ఇలా విడమరిచి రాసుకున్నవాడు ఆ తర్వాత సిన్స్ కనబడగానే ఆగుతాడు.

"చూశాను" కూడా అంతే. "నిన్న చూశాను", "ఆ బొమ్మ నేను చూశాను", రెంటికీ ఒకే రూపం. ఇంగ్లిష్ మాత్రం, ఎప్పుడు అన్నది చెప్పావా అని అడుగుతుంది. నిన్న, పోయిన వారం, 1998లో, ఇలా గడిచిపోయిన సమయం వాక్యంలో ఉంటే "ఐ సా". ఎప్పుడన్నది ముఖ్యం కాదు, చూడటమనేది జరిగింది, ఆ అనుభవం ఇప్పుడు నా దగ్గర ఉంది అంటే "ఐ హావ్ సీన్". అందుకే "ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే" అన్నది పరీక్ష పెట్టేవాళ్లకి ఇష్టమైన ఉచ్చు. తప్పు కనిపెట్టమని ఒక వాక్యం ఇచ్చినప్పుడు హావ్ కనబడితే వెంటనే చుట్టుపక్కల గడిచిపోయిన సమయాన్ని చెప్పే మాట ఏదైనా ఉందేమో వెతకండి.

ఇక ఆర్టికల్స్. ఎ, ఆన్, ద. ఇవి మనకి లేవు, అందుకే రావు అని చాలామంది అంటారు. నాకు అది పూర్తిగా నిజం అనిపించదు. అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ఏడుగురు కొడుకులు. ఈ కథ తెలియని తెలుగువాళ్లు ఉండరు కదా. మొదటిసారి రాజు వచ్చినప్పుడు "ఒక" అన్నాం, రెండోసారి "ఆ" అన్నాం. రెండోసారి కూడా "ఒక రాజుకి ఏడుగురు కొడుకులు" అంటే వినేవాడు వేరే రాజు వచ్చాడనుకుంటాడు. ఎ కింగ్, ద కింగ్, ఇదే సూత్రం. వినేవాడికి కొత్త మనిషి అయితే ఎ, ఎవరో ఇద్దరికీ తెలిస్తే ద. నాలుగేళ్ల వయసులో కథ వింటూ ఈ సూత్రం మనం నేర్చేసుకున్నాం.

తేడా ఎక్కడంటే, ఇంగ్లిష్ ఈ "ద"ని మనం "ఆ" వాడని చోట్ల కూడా వాడుతుంది. గదిలో ఒక్కటే తలుపు ఉంది, "తలుపు వెయ్యి" అంటాం, "ఆ తలుపు వెయ్యి" అననక్కర్లేదు. ఇంగ్లిష్‌లో "షట్ ద డోర్" అనాల్సిందే, ఎందుకంటే ఏ తలుపో ఇద్దరికీ తెలుసు. సూర్యుడు ఒక్కడే, ఎవరినంటున్నామో అందరికీ తెలుసు, ద సన్. కాబట్టి ఖాళీ పూరించమన్న ప్రశ్న వస్తే రూల్సు అన్నీ నెమరు వేయకుండా ఒకే ప్రశ్న అడగండి, ఇది ఏదో వినేవాడికి తెలుసా? తెలిస్తే ద, తెలియకపోతే, లెక్కపెట్టగలిగిన ఒక్క వస్తువైతే ఎ లేదా ఆన్. నదుల పేర్లకి ద పెట్టడం, చాలా దేశాల పేర్లకి పెట్టకపోవడం లాంటివి విడిగా గుర్తుపెట్టుకోవాల్సినవి కొన్ని ఉంటాయి, అవి తర్వాత చూసుకోవచ్చు. ఎ, ఆన్ మధ్య తేడాకి అక్షరం చూడకండి, చెవితో వినండి. అవర్‌లో హెచ్ పలకదు, అందుకని ఆన్ అవర్. యూనివర్సిటీ యు అక్షరంతో మొదలైనా వినబడేది "య" కాబట్టి ఎ యూనివర్సిటీ.

ప్రిపొజిషన్లలో మన విభక్తులు దూరిపోతాయి. "దాని గురించి చర్చించాం" అంటాం, అందుకని "డిస్కస్డ్ అబౌట్ ఇట్". డిస్కస్‌కి అబౌట్ వద్దు. "గదిలోకి ప్రవేశించాడు" కాబట్టి "ఎంటర్డ్ ఇంటు ద రూమ్", అక్కడ ఇంటు అక్కర్లేదు. "ఆమెతో పెళ్లయింది" కాబట్టి "మ్యారీడ్ విత్ హర్", అక్కడ విత్ వద్దు. దీనికి తిరగబడి "మాకు వివరించాడు" అన్నదాన్ని "ఎక్స్‌ప్లెయిన్డ్ అస్" అంటారు, అక్కడేమో టు కావాలి, ఎక్స్‌ప్లెయిన్డ్ టు అస్. వీటికి సూత్రం లేదు, ఆ క్రియని దాని అలవాటుతో సహా గుర్తుపెట్టుకోవడమే. ప్రిపొజిషన్ల పట్టిక బట్టీ పట్టడం కన్నా, మీరు తప్పు చేసిన క్రియలు మాత్రమే ఒక పేజీలో రాసుకుని ఒక్కోదానికీ మీ సొంత వాక్యం రాసుకుంటే చాలు, ఆ పేజీ మీరు భయపడినంత పొడుగు ఉండదు.

కర్తకీ క్రియకీ పొత్తు విషయంలో మాత్రం మనం ఇంగ్లిష్‌వాళ్ల కన్నా ఆరితేరినవాళ్లం. వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వచ్చాను, వచ్చావు, ఎవరు చేశారో క్రియే చెప్పేస్తుంది. ఇంగ్లిష్‌లో వర్తమానంలో చివర ఒక ఎస్ చేర్చడం తప్ప పెద్దగా పని లేదు. అయినా "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఆర్ కమింగ్" అని ఎందుకు రాస్తాం? పక్కనే ఫ్రెండ్స్ అనే బహువచనం ఉంది, కన్ను దానికి అతుక్కుంటుంది. అదే తెలుగులో "నా స్నేహితుల్లో ఒకడు వస్తున్నారు" అని ఎవరైనా అంటారా? ఒకడు అన్నాక వస్తున్నాడు అనే అంటాం. కాబట్టి అలాంటి వాక్యం కనబడితే ఎవరు అని తెలుగులో అడగండి. ఒక్కడు. అయితే ఈజ్. మాతృభాష అడ్డం వచ్చే చోట్లే చెబితే సరిపోదు, చెయ్యి అందించే చోట్లు కూడా ఉన్నాయి, వాటిని వదులుకోకూడదు.

ఇప్పుడు రీడింగ్. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. విదేశాలకి చదువుకో ఉద్యోగానికో వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ రీడింగులో 60 నిమిషాల్లో 40 ప్రశ్నలు, జవాబులు ఎత్తి రాసుకోవడానికి విడిగా టైము ఇవ్వరు. ఒక్కో ప్రశ్నకి నిమిషంన్నర, అందులోనే పాసేజీ చదవడం కూడా. టెన్షన్ రావడం సహజం. టెన్షన్‌లో మనిషి చదవడం మానేసి పదాలు వెతకడం మొదలుపెడతాడు, ప్రశ్నలో ఉన్న పదం పాసేజీలో కనబడగానే గీత గీసి జవాబు పెట్టేస్తాడు. ప్రశ్న తయారుచేసేవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు.

ఒక ఉదాహరణ చేద్దాం. పాసేజీ ఇంగ్లిష్‌లో ఉందనుకోండి, విషయం తెలుగులో చెప్తాను. "16వ శతాబ్దంలో ఇంగ్లండులోని బారోడేల్ దగ్గర మెత్తటి నల్లని ఖనిజం పెద్ద ఎత్తున బయటపడింది. జనం దాన్ని ఒక రకం సీసం అనుకున్నారు. దాంతో రాసుకునే పుల్లలు చేసుకున్నారు. 1779లో, స్వీడన్‌లో పనిచేస్తున్న రసాయన శాస్త్రవేత్త కార్ల్ షీలే అది సీసం కాదని, కార్బన్‌కి ఒక రూపమని చూపించాడు. అయినా పెన్సిలు లోపలి భాగాన్ని ఇంగ్లిష్‌లో ఈనాటికీ లెడ్ అనే అంటారు." ఇంతే పాసేజీ. ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్, మూడింట్లో ఒకటి చెప్పాలి.

మొదటి వాక్యం, "బారోడేల్‌లో దొరికిన ఖనిజం ఒక రకం సీసం." చేతులెత్తండి, ట్రూ అనేవాళ్లు? పది మంది దాకా ఉన్నారు. ఎందుకో చూద్దాం. బారోడేల్, ఖనిజం, ఒక రకం సీసం, మూడూ పాసేజీలో అచ్చం అలాగే ఉన్నాయి. కానీ పాసేజీలో ఉన్నది "సీసం అనుకున్నారు" అని. ఆ "అనుకున్నారు" మీదే మొత్తం ఆధారపడి ఉంది, ఆ తర్వాత షీలే కాదని తేల్చాడు కూడా. ఫాల్స్. పదాలు కలిశాయి, వాటి మధ్య బంధం కలవలేదు. బిలీవ్డ్, క్లెయిమ్డ్, సపోజ్డ్, థాట్ లాంటి మాటలు పాసేజీలో కనబడితే పెన్సిలుతో చుట్టేయండి, అక్కడ ఒక ప్రశ్న కాచుకుని ఉంటుంది.

రెండోది, "ఆ ఖనిజానికి గ్రాఫైట్ అని పేరు పెట్టింది షీలే." ఇక్కడ బాగా చదువుకున్నవాళ్లే చిక్కుకుంటారు. ఆ పేరు పెట్టింది జర్మనీకి చెందిన వెర్నర్, 1789లో. అది తెలిసినవాడు ధైర్యంగా ఫాల్స్ అని పెడతాడు, జవాబు తప్పు. పేరు ఎవరు పెట్టారో పాసేజీ ఎక్కడా చెప్పలేదు కాబట్టి నాట్ గివెన్. లోకంలో ఏది నిజమో చెప్పమని ఆ ప్రశ్న అడగడం లేదు, ఈ ఐదు వాక్యాలు ఏం చెప్పాయో చెప్పమంటోంది. పాసేజీ కాదంటే ఫాల్స్, పాసేజీ ఊరుకుంటే నాట్ గివెన్. ఫాల్స్ పెట్టేముందు "ఇది కాదని చెప్పే వాక్యం మీద నేను వేలు పెట్టగలనా" అని చూసుకోండి. వేలు పెట్టడానికి చోటు లేకపోతే అది ఫాల్స్ కాదు.

మూడోది, "1779కి ముందు ఆ ఖనిజం గురించి జనం పొరపాటు పడ్డారు." పొరపాటు అనే పదం పాసేజీలో లేదు. అందుకని కొందరు భయపడి నాట్ గివెన్ అంటారు. కానీ సీసం అనుకున్నారు, సీసం కాదని తేలింది, ఈ రెండూ కలిపితే పొరపాటు పడినట్టే. ట్రూ. ఇక్కడ మన ఊహ ఏమీ లేదు, రెండు వాక్యాల్ని కలపడమే.

ఇప్పుడు చూడండి, మూడింట్లోనూ తప్పు చేసిన మనిషికి కీ చూస్తే "మూడు తప్పులు" అని మాత్రమే తెలుస్తుంది. నిజానికి అవి మూడు వేర్వేరు జబ్బులు. ఒకడు పదాలు చూసి మోసపోతాడు, ఒకడు బయటి జ్ఞానం తెచ్చి కలుపుతాడు, ఒకడు పదం కనబడకపోతే అర్థం కూడా లేదనుకుంటాడు. మందులు కూడా వేరే. నోటుబుక్కులో ఆ మధ్య గడి ఎందుకు రాయమంటున్నానో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది. రెండు వారాలు రాసి వెనక్కి తిప్పి చూస్తే, మీరు ఎక్కువగా చేసేది ఏ రకం తప్పో బయటపడుతుంది, చాలామందికి ఒకటో రెండో రకాలే ఉంటాయి.

వేగం సంగతి. నెమ్మదిగా చదువుతున్నాం అని బాధపడేవాళ్లు చాలామంది నిజానికి చదవడం లేదు, అనువాదం చేస్తున్నారు. "ద మ్యాన్ హూ రెపేర్డ్ మై వాచ్ హాజ్ లెఫ్ట్" అని ఉంది. తెలుగులో "నా గడియారం బాగుచేసిన మనిషి వెళ్లిపోయాడు". గమనించండి, తెలుగులో గడియారం ముందు వచ్చింది, మనిషి తర్వాత వచ్చాడు. ఇంగ్లిష్‌లో మనిషి ముందు, వాడెవడో చెప్పే ముక్క తర్వాత. మనం ప్రతి వాక్యాన్ని తెలుగులోకి మార్చుకుంటూ పోతే కన్ను చివరిదాకా వెళ్లి, వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకి పోవాలి. ప్రతి వాక్యం రెండుసార్లు చదివినట్టే. చిన్న వాక్యమైతే ఫర్వాలేదు, నాలుగు లైన్ల వాక్యం వస్తే మొదలు ఏమిటో మర్చిపోతాం.

దీనికి సాధన ఏమిటంటే, వాక్యం ఏ వరసలో వచ్చిందో ఆ వరసలోనే అర్థం చేసుకోవడం. ద మ్యాన్, సరే ఒక మనిషి. హూ, వాడెవడో చెప్పబోతున్నారు. రెపేర్డ్ మై వాచ్, ఓహో గడియారం బాగుచేసినవాడు. హాజ్ లెఫ్ట్, వెళ్లిపోయాడు. ముక్క ముక్కగా, ముందుకే, వెనక్కి చూడకుండా. ఒక పేరా తీసుకుని ముక్కల మధ్య పెన్సిలుతో అడ్డగీతలు పెట్టి చదవండి, మొదట్లో చాలా చిరాగ్గా ఉంటుంది, కొన్ని రోజులకి గీతలు లేకుండానే కన్ను అలా ఆగడం నేర్చుకుంటుంది. హూ, విచ్, దట్ వచ్చినప్పుడు అది ఎవరి గురించో, ఇట్, దిస్, దే వచ్చినప్పుడు అవి దేన్ని చూపిస్తున్నాయో బాణం గీయండి. హౌఎవర్, ఆల్‌దో, డిస్పైట్ దగ్గర మాత్రం బండి నెమ్మది చేయండి, అక్కడ రచయిత మలుపు తిరుగుతున్నాడు, అసలు అభిప్రాయం సాధారణంగా మలుపు తర్వాతే ఉంటుంది.

ముందు ప్రశ్నలు చదవాలా, పాసేజీ చదవాలా అని ఎప్పుడూ అడుగుతారు. నా అభిప్రాయం, ప్రశ్నల మీద ఒకసారి కన్ను పారేసి, తర్వాత పాసేజీ మొత్తం ఒకసారి ఆగకుండా చదవాలి. పాసేజీ చదవకుండా జవాబులు ఏరుకోవడం నేర్పేవాళ్లు ఉన్నారు, తేలిక పేపరుకి అది నడుస్తుంది, రచయిత ఉద్దేశం ఏమిటి, ఈ పేరాకి తగిన శీర్షిక ఏమిటి అని అడిగినప్పుడు ఏరుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు.

వొకాబులరీ. రోజుకి 50 పదాలు, పక్కన తెలుగు అర్థం, ఇలా నోట్సులు నింపినవాళ్లు ఇక్కడ చాలామంది ఉంటారు. నేనూ నింపాను. నెల తర్వాత తిప్పి చూస్తే ఎక్కడో చూసినట్టుంది అనిపించేది, అర్థం మాత్రం గుర్తొచ్చేది కాదు, అప్పుడు నాకు చాలా బాధేసింది, నా జ్ఞాపకశక్తే అంత అనుకున్నాను. జ్ఞాపకశక్తి తప్పు కాదని తర్వాత తెలిసింది. జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే ఆయన అర్థం లేని అక్షరాల కూర్పుల్ని తన మీద తానే ప్రయోగం చేసుకుని బట్టీపట్టి, ఎంతకాలానికి ఎంత మర్చిపోతున్నాడో కొలిచి 1885లో అచ్చువేశాడు. నేర్చుకున్న మొదటి గంటల్లోనే చాలా భాగం జారిపోతుంది, తర్వాత జారడం నెమ్మదిస్తుంది. అందరికీ అంతే. జారిపోయే ముందు మళ్లీ పలకరించాలి, అంతే దారి.

పలకరించడం అంటే మళ్లీ చదవడం కాదు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకి పాఠం ఇచ్చి, కొందరి చేత మళ్లీ చదివించారు, కొందరి చేత పుస్తకం మూసి గుర్తున్నది రాయించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే బాగా చెప్పారు. వారం తర్వాత అడిగితే పుస్తకం మూసి రాసినవాళ్లు ముందున్నారు. మళ్లీ చదివినప్పుడు వచ్చేసిందనే భ్రమ కలుగుతుంది, అది ఐదు నిమిషాల భ్రమ. కాబట్టి అర్థం మీద చెయ్యి అడ్డం పెట్టండి, గుర్తు తెచ్చుకోవడానికి కష్టపడండి, ఆ కష్టమే పదాన్ని నిలబెడుతుంది. 1970ల్లో సెబాస్టియన్ లైట్నర్ చెప్పిన డబ్బాల పద్ధతి ఇంకా బాగా పనిచేస్తుంది. చీటీలు రాసుకోండి. గుర్తొచ్చిన చీటీ తర్వాతి డబ్బాలోకి, గుర్తురానిది మళ్లీ మొదటి డబ్బాలోకి. మొదటి డబ్బా రోజూ చూడాలి, రెండోది మూడు రోజులకి, మూడోది వారానికి. వచ్చిన పదాల మీద టైము పోదు, రాని పదాలు తప్పించుకోలేవు.

ఏ పదాలు? నిఘంటువులో వింతగా కనబడ్డవి కాదు. న్యూజిలాండ్‌కి చెందిన ఎవ్రిల్ కాక్స్‌హెడ్ 2000లో చదువుల్లో వాడే ఇంగ్లిష్ నుంచి లెక్కకట్టి 570 పద కుటుంబాల, అంటే ఒకే మూలం ఉన్న పదాల గుంపుల, జాబితా ఇచ్చారు, అనలైజ్, ఎవిడెన్స్, సిగ్నిఫికెంట్, అస్యూమ్ లాంటివి. ఆ తరహా పాఠాల్లో సుమారు పదో వంతు పదాలు ఈ 570 కుటుంబాలవే. రీడింగ్ పరీక్షకి వెళ్లేవాళ్లు ముందు వీటిని గట్టి చేసుకుంటే ఎంత తేలికో ఆలోచించండి.

ఒక్కో పదాన్నీ ఒంటరిగా రాసుకోవద్దు. మనిషిని స్నేహితుల్ని బట్టి తెలుసుకుంటాం, పదాన్నీ అంతే. వర్షానికి హెవీ, గాలికి స్ట్రాంగ్, నిర్ణయానికి మేక్, పొరపాటుకి కూడా మేక్, హోంవర్కుకి డూ. "హెవీ అంటే బరువైన" అని ఒక్క ముక్క రాసుకున్నవాడికి హెవీ రెయిన్ ఎప్పటికీ తట్టదు. పదాన్ని విడగొట్టి అర్థం ఊహించడం కూడా మంచి అలవాటే, స్పెక్ట్ అంటే లాటిన్‌లో చూడటం అని తెలిస్తే ఇన్‌స్పెక్ట్, స్పెక్టేటర్, రెట్రోస్పెక్ట్ అన్నీ ఒక కుటుంబంగా కనబడతాయి. కానీ ఊహని వాక్యంతో సరిచూసుకోకుండా వదలొద్దు. ఇన్‌వాల్యుబుల్ అంటే విలువ లేనిది కాదు, వెల కట్టలేనిది. హార్డ్‌లీ అంటే కష్టపడి కాదు, దాదాపు లేదు అని.

ప్రశ్నలు ఏమైనా ఉంటే అడగండి. ఆ చివర నుంచి... పాసేజీలో తెలియని పదం వస్తే ఏం చేయాలి అంటున్నారు.

ముందు అది లేకుండా వాక్యం చదవండి. అర్థమైతే వదిలేసి ముందుకి పోండి, ఆ పదానికి మీ దగ్గర టైము లేదు. అర్థం కాకపోతే మూడు చూడండి, అది నామవాచకమా, క్రియా, విశేషణమా, దాని ముందు నాట్, బట్ లాంటివి ఉన్నాయా, పక్క వాక్యం దాన్నే వేరే మాటల్లో చెప్పిందా. చాలాసార్లు మంచిదా చెడ్డదా, పెరిగిందా తగ్గిందా అన్నంత తెలిస్తే ప్రశ్నకి సరిపోతుంది. అప్పటికీ తేలకపోతే గుర్తు పెట్టి వదిలేయండి. ఐఈఎల్‌టీఎస్‌లో తప్పుకి మార్కు కొయ్యరు, అందుకని చివర్లో ఏదో ఒకటి పెట్టాలి, మార్కు కోసే పరీక్షల్లో రెండు ఆప్షన్లయినా కొట్టేయగలిగితేనే పెట్టండి.

ఇంకొకరు, అవునమ్మా, మీరే. నోటుబుక్కు రాస్తుంటే పేపర్లు తగ్గిపోతాయి, ఫర్వాలేదా అంటున్నారు. తగ్గాలి. వారానికి ఐదు పేపర్లు చేసేవాళ్లు రెండు చేయండి, మిగిలిన రోజులు ఆ రెండింట్లో తప్పులతో గడపండి. నేను ఇందాక చెప్పిన అమ్మాయి చేత కొత్త పేపరు ముట్టుకోనివ్వలేదు, పాత సంచిలో ఉన్నవే తిరగేయించాను, ఇంటూ పెట్టిన ప్రశ్నలు మాత్రమే. మూడో రోజు వచ్చి, "సార్, నేను అనుకున్నారు అన్న మాట ప్రతిసారీ వదిలేస్తున్నాను" అంది.